ఓట్లు చాలని వరద

ఆ పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. కొబ్బరాకుల మీద ఎండ జారుతోంది. నీటికాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. వాటి కింద గోదావరి ఎర్రగా, గట్టు సగానికి పైన, పెద్దగా చప్పుడేమీ లేకుండా పోతోంది.

మా వైపు వరద ఇలాగే వస్తుంది. వాన ఎక్కడో పై కొండల్లో పడుతుంది, నీళ్లు మా దగ్గరికొస్తాయి. మా నెత్తిన చినుకు పడక్కర్లేదు. ఏటి మధ్య లంకల్లో పుట్టినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. ఎర్రనీరు దిగగానే గొడ్లను మెరకకి తోలతాం, బియ్యం అటకెక్కిస్తాం, పడవ కోసం చూస్తాం.

ఆ పొద్దున కూడా నేను పడవ కోసమే చూస్తున్నాను. కాకపోతే పడవ నా ఎదురుగానే ఉంది.

నాది కందలంక. పేరు బుల్లబ్బాయి. ముందురోజు దొండకాయల గంపలేసుకుని ఇవతలి సంతకొచ్చాను. తిరిగి రేవుకి వచ్చేసరికి, మనుషుల్ని దాటించే పంటిని ఆపేసి వేరే రేవుకి తీసుకుపోయారు. రాత్రి లోవరాజు ఇంటి అరుగు మీద పడుకున్నాను. లోవరాజు నాకు బావమరిది వరస, పడవ నడుపుతాడు. తెల్లారి ఇద్దరం గట్టెక్కి చూస్తే కందలంకలో కొబ్బరి మొవ్వులు, పంచాయతీ డాబా తప్ప ఏమీ కనబళ్లేదు. డాబా మీద మనుషులున్నారు. అందులో ఒకామెది పసుపుపచ్చ చీర. ఆమె నా భార్య తాయారు. ఆమె పక్కన ఎర్రగా ఉన్నది మా ఆవుదూడ.

రేవులో ప్రభుత్వం వారి పడవ ఉంది. నారింజ రంగుది, కొత్తది, వెనకాల ఇంజను. ఇంజనుకి ఒక నల్లడబ్బా బిగించారు. డబ్బా మీద ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. ఆ దీపం పచ్చబడితేగాని ఇంజను లేవదు. దీపం పచ్చబడాలంటే వరద రావాలి. వరద వచ్చిందో లేదో గోదావరి చెబితే చాలదు. వెయ్యికళ్లు చెప్పాలి.

వెయ్యికళ్లు అంటే ఫోనులో ఉండే యాప్. వేసవిలో దాని ప్రారంభోత్సవం మా రేవులోనే జరిగింది. షామియానా వేశారు, మజ్జిగ పోశారు. విపత్తు భాగస్వామ్య విభాగం సమన్వయాధికారి శశిభూషణ్ గారు వచ్చి మాట్లాడారు. ఎండ తగలని మనిషి. బూట్లు మెరుస్తుంటాయి.

"ఇంతకాలం విపత్తును ఎవరో ఒక వీఆర్వో చూసి నిర్ధారించేవారు. ఇది కాలం చెల్లిన, ఏకవ్యక్తి కేంద్రిత విధానం. ఇకపై ప్రపంచం నలుమూలల ఉన్న డిజిటల్ వాలంటీర్లు మీ వరదను తమ వరదగా భావించి, తమ ఇళ్లల్లోనే కూర్చుని, ఫోటోలు పరిశీలించి ఓటు వేస్తారు. వరద అనిపిస్తే తెరిచిన కన్ను. కాదనిపిస్తే మూసిన కన్ను. వెయ్యి కళ్లు తెరుచుకుంటే అది ధ్రువీకృత వరద. ముంపు అనేది ఒక అభిప్రాయం మాత్రమే. అది ఏకాభిప్రాయంగా పరిణమించినప్పుడే దానిని మనం వరద అంటాం" అన్నారాయన.

మా ఊరి పెద్దమనిషి వీర్రాజు మావ లేచాడు. "మరి మేం కూడా ఓటెయ్యొచ్చాండీ?"

శశిభూషణ్ గారు మెచ్చుకోలుగా నవ్వారు. "మంచి ప్రశ్న. ముంపు ప్రాంతంలో ఉన్నవారు ఆసక్తి గల పక్షం. మునుగుతున్న వ్యక్తికి నీటి పట్ల ముందే ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుంది. అందుచేత తడిసినవారికి ఓటు హక్కు ఉండదు. అదే ఈ విధానంలోని నిష్పాక్షికత."

"అంటే మేం తడిసేమో లేదో పొడిగా ఉన్నోళ్లు చెబుతారు."

"సరిగ్గా గ్రహించారు."

మావ కూర్చున్నాడు. ఇంకో గ్లాసు మజ్జిగ తాగాడు. ఇప్పుడు ఆయనా డాబా మీదే ఉన్నాడు.

అదే వారంలో రేవులో ఉన్న నాటుపడవలన్నీ పట్టుకుపోయారు. అవి 'నమోదు కాని దేశవాళీ జలయానాలు' అట. లోవరాజు నావని తహసీల్దారు ఆఫీసు ముందు పెట్టి, నిండా మట్టి పోసి, బంతిమొక్కలు నాటారు. నీళ్లు నిలిచి మొక్కలు కుళ్లకుండా అడుగున చిల్లులు కూడా పొడిచారు. పక్కన 'మన జల వారసత్వం' అని బోర్డు పెట్టారు. పెళ్లి చేసుకోబోయేవాళ్లు వచ్చి అక్కడ ఫోటోలు దిగుతారు.

అందుచేత ఆ పొద్దున మా రేవుకి మిగిలింది ఎర్రదీపం పడవ ఒక్కటే. తెడ్లేసుకుని పోదామంటే ఆ ప్రవాహంలో సముద్రం దాకా తీసుకుపోతుంది. డబ్బా పీకేద్దామంటే, పీకితే ఇంజను కూడా చచ్చిపోయేటట్టు చేశామని బిగించిన మెకానిక్కే లోవరాజుతో చెప్పాడు.

వీఆర్వో కోటిలింగం గారు ఆదరాబాదరా వచ్చారు. మెత్తటి మనిషి. గట్టు మీద నిలబడి లంకని ఫోటో తీసి వెయ్యికళ్లలో పెట్టారు.

"ఎంతసేపు పడుతుందండీ?" అన్నాను.

"కళ్లు తెరవడమే కదా. ఎంతసేపు."

ఈలోగా నా ఫోను మోగింది. తాయారు.

"ఏమయ్యా, పడవ ఎప్పుడొస్తది?"

"ఓట్లు పడాలి."

"ఏ ఓట్లు? మొన్నే కదా వేశాం."

"అవి కాదు. వరద ఉందా లేదా అని వేరేవాళ్లు వేస్తారు."

ఫోనులో నీళ్ల చప్పుడు వినబడింది. "మెట్లు మునగడానికి ఇంకా నాలుగున్నాయి. చార్జింగు కూడా లేదు. నీకు కనబడుతున్నానా?"

"ఊ."

"మరి నువ్వెయ్యి ఓటు" అంది. ఫోను ఆగిపోయింది.

నాకు ఓటు లేదని చెప్పే వీలు లేకపోయింది. పొద్దున డాబాని చూడగానే దూకి ఈదుదామా అని మోకాళ్ల దాకా దిగాను. లోవరాజు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. దాంతో నేనూ ఆసక్తి గల పక్షం అయిపోయాను.

కోటిలింగం గారి ఫోనులో కళ్లు పడటం మొదలైంది. ఆయన చదివి వినిపించారు.

ఒకాయన రాశాడు: 'ఆకాశం నిర్మలంగా ఉంది. వాన లేదు. వాన లేనిచోట వరద ఉండదు.' మూసిన కన్ను. దాని కింద చాలామంది ఔనౌనన్నారు. ఒకామె రాసింది: 'ఇది సముద్రం. నేను పోయినేడాది వెళ్లొచ్చాను.' ఇంకొకరు: 'నీటి రంగు సహజంగా లేదు. ఫోటోకి ఎర్రరంగు పూశారు.' మరొకరు: 'చాలా ప్రశాంతంగా ఉంది. ఇక్కడ గదులు దొరుకుతాయా?'

"దొరుకుతాయని రాయండి" అన్నాడు లోవరాజు. "డాబా మీద కాస్త ఇరుగ్గా ఉంటాదని కూడా రాయండి."

చివరికి ఒక వాలంటీరు సాయం చేద్దామనే రాశాడు. 'లోతు అర్థం కావడం లేదు. కొలత కోసం ఒక మనిషిని నీటిలో నిలబెట్టి ఫోటో తీయండి.'

కోటిలింగం గారు మా ఇద్దరివంకా చూశారు. తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ప్యాంటు మడిచి, ఆయనే దిగారు. మడవడం వల్ల ఏమీ ఒరగలేదు. రేవు మెట్లు ఐదారు దిగేసరికి నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. లోవరాజు ఫోటో తీశాడు.

జవాబు వెంటనే వచ్చింది. 'ఫోటోలోని వ్యక్తి తడిసి ఉన్నారు. ఆసక్తి గల పక్షం. ఫోటో చెల్లదు. మీ ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది. ఆరిన తర్వాత తిరిగి నమోదు చేసుకోగలరు.'

కోటిలింగం గారు ఎండలోకెళ్లి చేతులు చాపి నిలబడ్డారు. పైన తీగ మీద నీటికాకులు కూడా అలాగే ఉన్నాయి.

పది గంటలకి శశిభూషణ్ గారు కారులో వచ్చారు. వెంట ఒక టేబులు, ఒక గొడుగు, నాలుగు ఫోనులు, ఒక మైకు. గట్టు మీద గొడుగు పాతించి దాని కింద కూర్చున్నారు. అది విపత్తు సమన్వయ కేంద్రం అన్నారు.

నేను వెళ్లి దండం పెట్టాను. "అయ్యా, అదుగో డాబా. ఆ పసుపు చీర నా భార్య. పొద్దుటికి ఇప్పటికి రెండు మెట్లు మునిగాయి. ఆ దీపం పచ్చ చేయించండి."

ఆయన ఎండకి చెయ్యి అడ్డుపెట్టుకుని అటు చూశారు. బాగా చూశారు. "నాకు కనిపిస్తోంది. నేను వ్యక్తిగతంగా చలించాను కూడా. కాని నేను చూస్తే అది ఏకవ్యక్తి కేంద్రిత విధానం అవుతుంది. ప్రస్తుతం మీ నీరు అనుమానిత దశలో ఉంది. మూసిన కళ్లు ఎక్కువగా ఉన్నాయి. మీరు ధైర్యంగా ఉండాలి. ప్రజాభిప్రాయం ఎప్పుడైనా మారవచ్చు."

"మారేలోపు డాబా మునిగితేనో?"

"అప్పుడు ఫోటోలో స్పష్టత పెరుగుతుంది."

ఆయన వెటకారంగా అనలేదు. నన్ను ఓదార్చడానికే అన్నారు.

ఆ తర్వాత ఆయన మనిషి ఒకడు పెద్ద కెమెరాతో డాబాని దగ్గరికి లాగి ఫోటో తీశాడు. అందులో మనుషులు స్పష్టంగా పడ్డారు. దూడ ఇంకా స్పష్టంగా పడింది. అది కెమెరా వైపే చూసింది.

అరగంటలో ఆ ఫోటోకి వేల కళ్లు తెరుచుకున్నాయి. ఫోనులు నాలుగూ ఒక్కసారే మోగుతున్నాయి. నా గుండె కుదుటపడింది. పడవ దీపంకేసి చూశాను. ఎర్రగానే ఉంది.

"శుభవార్త" అన్నారు శశిభూషణ్ గారు. "దూడ ధ్రువీకరింపబడింది."

"మనుషులో?"

"మనుషుల గురించి ఇంకా చర్చ నడుస్తోంది. దూడ విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు. ఆపదలో ఉన్న జంతువుగా గుర్తించారు. రాజధాని నుంచి జంతుసంరక్షక బృందం ఎల్లుండికి చేరుకుంటుంది. దూడకు పేరు పెట్టే ఓటింగు కూడా మొదలైంది."

"దానికి పేరుందండీ. ఎర్రది అంటాం."

"అది యజమాని అభిప్రాయం" అన్నారాయన.

లోవరాజు నా భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. "బావా, కోపమొస్తే ఆ గుంజని తన్నుకో. మనిషిని తన్నకు. పడవ ఆడి చేతిలో ఉంది."

గుంజని కూడా నేను తన్నలేదు. నాకు కోపం కాళ్లలోకి రాదు.

అప్పుడే గొడుగు కింద హడావుడి మొదలైంది. శశిభూషణ్ గారు లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది. "జిల్లాలో తొలి ధ్రువీకృత వరద" అని మైకులో ప్రకటించారు. "ఆకాశం నుంచి తీసిన చిత్రాల ఆధారంగా, మూడు ఖండాలలోని వాలంటీర్లు ఏకగ్రీవంగా నిర్ధారించారు. ఉప్పరగరువు గ్రామం పూర్తిగా జలమయమైంది."

నేను, లోవరాజు ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఉప్పరగరువు గట్టుకి ఇవతల, ఊరవతల పొలాల్లో ఉంది. అక్కడికి గోదావరి వెళ్లాలంటే బస్సెక్కాలి.

"అక్కడ ఉన్నయ్యి రొయ్యల చెరువులు కదేటి" అన్నాడు లోవరాజు.

కోటిలింగం గారు అప్పటికి ముప్పాతిక వంతు ఆరారు. దగ్గరికొచ్చి చిన్న గొంతుతో చదివారు. 'నీరు నాలుగు మూలలా సమంగా వ్యాపించింది. ఇంత క్రమబద్ధమైన వరద నేనెప్పుడూ చూడలేదు.' 'తెల్లటి సుడులు కూడా కనిపిస్తున్నాయి. దయచేసి త్వరపడండి.'

"సుడులేటండీ?"

"చెరువుల్లో గాలి కోసం తిప్పుతారే, ఆ చక్రాలు" అన్నారు కోటిలింగం గారు.

జిల్లాలో ఉన్న పడవలన్నీ లారీలెక్కి ఉప్పరగరువు బయల్దేరాయి. హెలికాప్టరు కూడా మా నెత్తి మీదుగా అటే వెళ్లింది. డాబా మీద వాళ్లు దాన్ని చూసి తువ్వాళ్లు ఊపారు. హెలికాప్టరు వాళ్లకి బాగానే కనబడి ఉంటుంది. కాని వాళ్ల చేతిలో కాగితం మీద ఉప్పరగరువని ఉంది.

తాయారు తువ్వాలు ఊపడం ఆపేసింది. కూర్చున్నట్టుంది. పసుపు రంగు కిందికి దిగింది.

లోవరాజు చాలాసేపు పడవనీ, గొడుగునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లుంగీ సర్దుకుని గొడుగు దగ్గరికెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఈ పడవ ఇక్కడ ఊరికే పడుందండి. ఉప్పరగరువోళ్లు పాపం మునిగిపోతన్నారు. తమరు సెలవిస్తే దీన్ని కూడా ట్రాక్టరు మీద అక్కడికి తోలుకుపోతాం."

శశిభూషణ్ గారి కళ్లు చెమర్చాయి. "చూశారా, కోటిలింగం. తన సొంత మనుషులు అనుమానిత దశలో ఉండగా, ధ్రువీకృత బాధితుల కోసం ముందుకు వచ్చాడు. దీన్నే అదనపు వనరుల స్వచ్ఛంద సమీకరణ అంటారు." వెంటనే సంతకం పెట్టారు.

ఇటుకల ట్రాక్టరు తెచ్చాం. రేవులో ఉన్నవాళ్లందరం భుజాలేసి పడవని తొట్టిలోకెక్కించాం. ఇంజను వెనక్కి వేలాడుతోంది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"ఇదేం పని రా" అన్నాను దారిలో.

"దీపానికి తను ఎక్కడుందో తెలుస్తాది బావా. వరదున్న ఊళ్లో పచ్చబడతాది. ఉప్పరగరువులో వరదుంది కదా. ఒకసారి ఇంజను లేచిందంటే మనం ఆపేదాకా ఆగదు. ఆపకుండా వెనక్కి తెచ్చేసుకుందాం."

నేను ఆలోచించాను. తప్పేమీ కనబడలేదు. ఆ రోజు విన్నవాటిలో బుర్ర పెట్టి చెప్పిన మాట అదొక్కటే.

ఉప్పరగరువులో దుమ్ము రేగుతోంది. చెరువుగట్ల మీద నారింజ పడవలు వరసగా దింపి ఉన్నాయి. ఆకాశం నుంచి పడ్డ పులిహోర పొట్లాలు చెరువుల్లో తేలుతున్నాయి. రొయ్యలు తింటున్నట్టున్నాయి, నీళ్లు చిటపటలాడుతున్నాయి. నలుగురు రక్షకదళం వాళ్లు లైఫ్ జాకెట్లు తొడుక్కుని రామభద్రరాజు గారిని పడవెక్కించడానికి ప్రయత్నిస్తున్నారు. ఆ చెరువులన్నీ ఆయనవే.

"ఇవి చెరువులు. నీళ్లు నేనే పెట్టుకున్నాను" అంటున్నారాయన.

"మీరు దిగ్భ్రాంతిలో ఉన్నారు సార్. ఇలాంటి సమయంలో అందరూ అలాగే అంటారు. ముందు ఎక్కండి."

"ఎక్కి ఎక్కడికెళ్లమంటారు? అదుగో మా ఇల్లు. నడిస్తే రెండు నిమిషాలు."

"నడక సురక్షితం కాదు సార్."

వాళ్లలో ఒకడు కాగితం మీద 'తరలింపునకు నిరాకరించిన బాధితుడు' అని రాసుకున్నాడు. రాజుగారు చేతికర్ర నేలకేసి కొట్టి మావైపు తిరిగారు. "మీరు కూడా నన్ను రక్షించడానికే వచ్చారా?"

"కాదండి బాబూ, దీపం వెలిగించుకోడానికొచ్చాం" అని లోవరాజు సంగతంతా చెప్పాడు.

రాజుగారు విన్నారు. పడవ వెనక్కొచ్చి చూశారు. ఊరి సరిహద్దు రాయి దాటినప్పుడే దీపం పచ్చబడింది. దాన్ని చూసి ఆయన తల అటూ ఇటూ ఆడించారు. "ఇంజను నీళ్లు లేకుండా తిరిగితే కాలిపోద్ది కదయ్యా."

అది మేం అనుకోలేదు.

ఆయన తన మనుషుల్ని పిలిచి, రొయ్యల మేత తెచ్చిన పెద్ద నీలం డ్రమ్ము కోయించి, చెరువు నీళ్లతో నింపించి, రెక్కలుండే ఇంజను కాలు అందులో మునిగేటట్టు ట్రాక్టరు తొట్టికి కట్టించారు. లోవరాజు తాడు లాగాడు. ఇంజను లేచింది. డ్రమ్ములో నీళ్లు ఎగిరి అందరి మీదా పడ్డాయి. నీళ్లతోపాటు రెండు రొయ్యలు కూడా.

"నీళ్లు తగ్గితే దారిలో పోసుకోండి" అని రాజుగారు రెండు బిందెలు కూడా ఇచ్చారు. "మీ ఆవిడ దిగాక వచ్చి చెప్పు. నేను ఇక్కడే మునుగుతూ ఉంటాను."

అలా మేము తారురోడ్డు మీద పడవలో బయల్దేరాం. ముందు ట్రాక్టరు ఇంజను, వెనకాల పడవ ఇంజను. లోవరాజు చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. పట్టుకోనక్కర్లేదు, అయినా పట్టుకున్నాడు. నేను డ్రమ్ములో నీళ్లు పోస్తున్నాను. ఎదురొచ్చిన బస్సు పక్కకి తప్పుకుని దారిచ్చింది.

గట్టెక్కేసరికి శశిభూషణ్ గారు గొడుగు కింద నుంచి లేచారు. పడవనీ, మోగుతున్న ఇంజనునీ, డ్రమ్మునీ చూశారు.

"ఇది ఉప్పరగరువులో ఉండాలి కదా."

"ఉందండి" అన్నాడు లోవరాజు. "అక్కడ నీళ్లు మరీ ఎక్కువైపోయి, ఇక్కడిదాకా కొట్టుకొచ్చేసిందండి."

ఉప్పరగరువు వరద చిన్నదైతే ఆయనకే మంచిది కాదు. కలం తీశారు. 'ప్రవాహ ఉద్ధృతికి ఒక పడవ నియంత్రణ కోల్పోయి కొట్టుకుపోయినది' అని రాసుకుంటూ కూర్చున్నారు. ఆ రాసే లోపు మేము పడవని నీళ్లలోకి తోసేశాం.

గోదావరి అడ్డంగా కొట్టింది. లోవరాజు ఎగువకి పట్టి, ఏటవాలుగా కోసుకుంటూ పోయాడు. కొట్టుకొచ్చే అరటిచెట్లని నేను గెడతో పక్కకి తోస్తున్నాను. డాబా దగ్గరికి వెళ్లేసరికి పైమెట్టు మీద నీళ్లు ఆడుతున్నాయి. ఇంజను ఆపలేదు. మొదట పిల్లల తల్లులు ఎక్కారు.

గట్టు మీద నుంచి మైకు వినబడింది. "దూడకు ప్రాధాన్యం ఇవ్వవలసిందిగా మనవి. దూడ ధ్రువీకృతం. మిగతావారు అనుమానితులు."

వీర్రాజు మావ అటు చూసి, దూడకి దండం పెట్టాడు. "తమరు ముందు దయచెయ్యండి."

దూడ రాలేదు. తాయారు పలుపు పట్టుకుని ఎక్కితే అప్పుడొచ్చింది. తాయారు నా ఎదురుగా కూర్చుంది. చీర నడుము దాకా తడిసి ఉంది. కుచ్చిళ్లు పిండుకుంది.

"పొద్దున్నంతా అక్కడే నిలబడ్డావు. చూశాను."

"ఊ."

"ఎవరో నీళ్లలో దిగారు. నువ్వేమో చెయ్యి పట్టుకున్నావు."

"వీఆర్వో గారు. లోతు చూపించాలన్నారు."

"డాబా మీదున్న మమ్మల్ని అడిగితే నేను చెప్పేదాన్ని కదా లోతు." ఆమె దూడ వీపు మీద చెయ్యేసింది. "ఉండు. ఇంటికెళ్లాక చెప్తా నీ సంగతి."

మా ఇంటి మీదుగానే పోతున్నాం. కిందికి చూసినా ఏమీ కనబళ్లేదు. ఆమె కూడా చూసింది. ఆ తర్వాత ఇంటి మాట ఎత్తలేదు.

అందర్నీ దాటించేసరికి పొద్దు వాలింది. గట్టు మీద శశిభూషణ్ గారు కాగితాలతో సిద్ధంగా ఉన్నారు. కందలంకలో వరద లేదు కాబట్టి మేము బాధితులం కాము. వరద లేనిచోట పడవెక్కినవాళ్లని జలవిహారం చేసినవారిగా నమోదు చెయ్యాలట. విహారులకి పునరావాస కేంద్రంలో ప్రవేశం లేదు. ఉన్న ఒక్క కేంద్రం ఉప్పరగరువు బడిలో తెరిచారు. అది ఉప్పరగరువు బాధితులకే.

"పొద్దుట్నించీ పిల్లలకి ఏమీ లేదండీ" అంది తాయారు.

ఆయన జవాబు చెప్పబోతుంటే ఫోను మోగింది. విని తెల్లబోయారు. ఉప్పరగరువు బడిలో మూడొందల మందికి వండిపెట్టారు. ప్రత్యక్ష ప్రసారం కోసం కెమెరాఫోను కూడా పెట్టారు. ఒక్క బాధితుడూ రాలేదు. ఖాళీ ఆకులు చూసి వాలంటీర్లు కళ్లు మూసేస్తున్నారు. వెయ్యి కిందికి దిగితే వరద రద్దవుతుంది. హెలికాప్టరుకీ, పడవలకీ ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. మా అందర్నీ మొదటిసారి ఒక్కొక్కరినే చూశారు. "మీరు చాలా సహజంగా తడిసి ఉన్నారు" అన్నారు. "ఈ ఒక్క పూటకు మీరు ఉప్పరగరువు వాస్తవ్యులుగా సహకరించగలరా?"

"అన్నం పెడతారా?" అన్నాడు వీర్రాజు మావ.

"పప్పు, వంకాయకూర, మజ్జిగ."

"అయితే మా తాతల కాలం నించీ మాది ఉప్పరగరువేనండి."

ట్రాక్టరులోనే వెళ్లాం. బడి వరండాలో చాపలు పరిచి ఆకులేశారు. ఎదురుగా మూడుకాళ్ల కర్ర మీద ఫోను. కూర్చునే ముందు శశిభూషణ్ గారు గొంతు తగ్గించి చెప్పారు. "దయచేసి ఎవరూ మాట్లాడవద్దు. బాధితుల మాట పక్షపాతం కిందికి వస్తుంది. ఊరి పేరు పొరపాటున జారితే అందరికీ ఇబ్బంది. మౌనంగా భుజించండి. ముఖాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి."

కూర్చున్నాం. అన్నం వేశారు. చెరువుల మధ్య నుంచి రామభద్రరాజు గారు కూడా తన మనుషులతో వచ్చి ఆ చివర కూర్చున్నారు. కోటిలింగం గారు ఫోను పక్కన నిలబడి తెరుచుకుంటున్న కళ్లు చూస్తున్నారు. అవి పెరుగుతున్నట్టే ఉన్నాయి. శశిభూషణ్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

సగం భోజనంలో ఫోను తెర నల్లబడింది. కోటిలింగం గారు దాన్ని తట్టారు, చెవి దగ్గర పెట్టుకున్నారు. "సిగ్నల్ పోయిందండి. కందలంక దగ్గరి టవరు కూడా మునిగినట్టుంది. ఇంకెవరూ చూడటం లేదు."

శశిభూషణ్ గారు కొంతసేపు ఆ నల్లటి తెరకేసి చూశారు. తర్వాత మావైపు తిరిగి, "ఇక మీరు మాట్లాడుకోవచ్చు" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. వీర్రాజు మావ పప్పు కలుపుకుంటున్నాడు. లోవరాజు తలెత్తలేదు. శశిభూషణ్ గారు ఎక్కడికెళ్లాలో తెలియనట్టు నిలబడి, చివరికి బూట్లు విప్పి వరస కొసన కూర్చున్నారు. ఆయనకీ ఆకేశారు.

తాయారు నావైపు తిరిగింది. ఇంటికెళ్లాక చెబుతానన్నది ఇప్పుడే చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నా ఆకులో అన్నం అయిపోవడం చూసి, వడ్డించే ఆమెకి చేత్తో చూపించింది. వేడన్నం పడింది. తినడం మొదలుపెట్టాను.